ఇల్లే బడి, అమ్మే పంతులమ్మ



2020లో కరోనా వచ్చి బళ్ళన్నీ మూతపడ్డప్పుడు మన ఇళ్ళల్లో ఏం జరిగిందో నేను మీకు వేరే చెప్పనక్కరలేదు. భోజనాల బల్లే బడి అయి కూర్చుంది. ఒక పక్క కుక్కరు కూతలు, ఇంకో పక్క ఫోనులో టీచరమ్మ పాఠం, మధ్యలో చిన్నవాడు “అమ్మా, నాకు అర్థం కాలేదు” అంటూ కొంగు పట్టుకుని లాగడం. ఇద్దరు పిల్లలున్న ఇల్లాలే పది రోజులు తిరక్కుండా డస్సిపోయింది. “ఇంతమంది పిల్లల్ని ఆ టీచర్లు రోజంతా ఎలా పడుతున్నారమ్మా!” అని ఆనాడు ముక్కున వేలేసుకోని తల్లి లేదంటే నమ్మండి.

ఆ రోజుల్లో నాకు ఒక ఇల్లు పదేపదే గుర్తుకొచ్చేది. అది మన దేశంలోది కాదు, మన కాలంలోదీ కాదు. ఇంగ్లండులో లింకన్‌షైర్ అనే జిల్లాలో, ఎప్‌వర్త్ అనే చిన్న ఊళ్ళో, మూడు వందల ఏళ్ళ కిందటి ఇల్లు. ఆ ఇల్లాలు పంతొమ్మిదిమంది బిడ్డల్ని కన్నది. బతికిన పదిమందికీ తానే ఇంట్లో చదువు చెప్పింది. ఆమె పేరు సుసన్నా వెస్లీ.

వెస్లీ అన్న పేరు మనకి కొత్తదేమీ కాదు. సికింద్రాబాదులో ఆ పేరుతో ఆడపిల్లల హైస్కూలు ఉంది. మెదక్‌లో ఆకాశాన్నంటే రాతి చర్చి చూసే ఉంటారు. పోస్నెట్ అనే ఆయన కరువు రోజుల్లో వేలమందికి పని కల్పిస్తూ కట్టించాడు. 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. ఆ చర్చి కట్టించింది వెస్లియన్ మెథడిస్టు సంఘం వారు. ఆ సంఘానికి మూలపురుషుడు జాన్ వెస్లీ, సుసన్నా కొడుకే. కొడుకు పేరు సముద్రాలు దాటి మన మెదక్ దాకా వచ్చింది. ఆ కొడుక్కి అక్షరాలు దిద్దించిన తల్లి సంగతి మాత్రం మనలో చాలామందికి తెలియదు. అందుకని ఈ రోజు కొడుకు కథ పక్కన పెట్టి, తల్లి సంసారం ఎలా నడిచిందో మాట్లాడుకుందాం.

సుసన్నా 1669లో లండన్‌లో పుట్టింది. తండ్రి పేరున్న మతాచార్యుడు, పండితుడు. ఆయన సంతానంలో ఈమె ఇరవై అయిదవది, ఆఖరిది అంటారు. ఆ ఇంట్లో పుస్తకాలకి కొదవ లేదు. బడికి వెళ్ళకపోయినా పెద్దల వాదోపవాదాలు వింటూ పెరిగింది. పదమూడేళ్ళు నిండకుండానే, తండ్రి నమ్మిన శాఖ వదిలి దేశంలో ప్రభుత్వపు చర్చి వైపు వెళతానని తనంతట తానే నిశ్చయించుకుంది. అంత చిన్నప్పుడే సొంత బుద్ధితో నడిచిన పిల్లన్నమాట. 1688లో సామ్యూల్ వెస్లీ అనే యువకుణ్ణి పెళ్ళాడింది. ఆయన పాదిరి, కవి కూడాను. 1690ల్లో ఆ దంపతులు ఎప్‌వర్త్ చేరారు. చిత్తడి నేలల మధ్య ఊరు అది. ఊరివాళ్ళకి ఈ కొత్త పాదిరీ అంటే గిట్టేది కాదు.

సామ్యూల్ గారు చదువుకున్నవాడే గాని లెక్కల మనిషి కాదు. చేతిలో పుస్తకం ఉంటే చేలో పని గుర్తుండదు. అప్పులు పెరిగాయి. 1705లో ఎన్నికల గొడవల్లో ఆయన ఒక పక్షం వహించాడని, ఎదుటి పక్షంవాళ్ళు రాత్రి పూట ఇంటి దగ్గర చేరి డప్పులు కొట్టి, తుపాకులు పేల్చి అల్లరి చేశారు. సుసన్నాకి అప్పుడు మూడు వారాల పసిబిడ్డ. బాలింత కదా అని బిడ్డని దాది దగ్గర పడుకోబెట్టారు. ఆ గోలకి తెల్లవారుజాము దాకా కన్ను మూతపడని దాది, తర్వాత ఒళ్ళు తెలియకుండా నిద్రపోయి బిడ్డ మీదికి ఒత్తిగిలింది. బిడ్డ ఊపిరాడక పోయింది. మరి కొద్ది రోజులకే ముప్ఫై పౌన్లయినా లేని బాకీ కోసం సామ్యూల్ గారిని పట్టుకుపోయి లింకన్ కోట జైల్లో పెట్టారు. సుసన్నా తన ఉంగరాలు తీసి, వీటితో ఏదైనా చేసుకోమని జైలుకి పంపింది. ఆయన వాటిని తిప్పి పంపేశాడు.

ఆ సమయంలోనే యార్కు ఆర్చిబిషప్ గారు వచ్చి, “అమ్మా, నిజం చెప్పు, మీకు ఎప్పుడైనా తిండికి లేకపోవడం జరిగిందా?” అని అడిగారు. ఆమె ఇచ్చిన జవాబు వినండి. రొట్టె అసలు లేకపోవడమంటూ ఎన్నడూ లేదు గాని, తినబోయే ముందు దాన్ని సంపాదించడానికీ, తిన్న తర్వాత దానికి డబ్బు కట్టడానికీ పడ్డ పాట్లతో ఆ రొట్టె రుచే పోయిందని ఆవిడ అర్థం. నెలాఖరులో కిరాణా కొట్టువాడి ఖాతా పుస్తకం చూసిన ఏ ఇల్లాలికైనా ఈ జవాబు విడమర్చి చెప్పాలా?

ఇలాంటి ఇంట్లో, వరసగా కాన్పుల మధ్య, ఆవిడ బడి పెట్టింది. ఆ బడి ఎలా నడిచిందో మనకి ఆమె మాటల్లోనే తెలుసు. 1732లో కొడుకు జాన్ అడగ్గా అడగ్గా, తాను పిల్లల్ని పెంచిన తీరంతా ఒక పెద్ద ఉత్తరంగా రాసింది. అది ఇప్పటికీ నిలిచి ఉంది.

ఆ ఇంట్లో బిడ్డకి అయిదేళ్ళు నిండే దాకా అక్షరం చూపించేవారు కాదు. అయిదో పుట్టిన రోజు వెళ్ళిన మర్నాడే అక్షరాభ్యాసం. మనకి పంతులుగారు వచ్చి, పళ్ళెంలో బియ్యం పోసి వేలు పట్టి దిద్దిస్తారు చూడండి, వాళ్ళకి ఆ వేడుక లేదు. కాని తయారీ మాత్రం పండగలాగే. ముందు రోజే ఇల్లంతా సర్దేవారు. ఎవరెవరి పని ఏమిటో పంచేసేవారు. ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు దాకా, మళ్ళీ మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా ఆ గదిలోకి ఎవరూ అడుగు పెట్టకూడదని కట్టడి. ఆ ఆరు గంటలూ తల్లీ, ఆ ఒక్క బిడ్డ అక్షరాలూ. ఒక్క రోజులో అక్షరాలన్నీ వచ్చేయాలి. అందరికీ వచ్చేశాయిట, మాలీకీ నాన్సీకీ తప్ప. వాళ్ళిద్దరికీ ఒకటిన్నర రోజు పట్టింది. అప్పుడు వాళ్ళు మొద్దులేమో అనుకున్నానని ఆమె ఒప్పుకుంది. తర్వాత ఇతర పిల్లలు ఎంతెంత కాలం తీసుకుంటారో చూశాక ఆ అభిప్రాయం మార్చుకున్నానని కూడా రాసింది.

పెద్ద కొడుకు కొన్ని గంటల్లోనే అక్షరాలు నేర్చుకున్నాడు. అక్షరాలు రాగానే బైబిలు మొదటి పేజీ ముందు పెట్టి, మాట మాట కూడబలుక్కుని చదివించింది. ఆఖరి పిల్ల కెజ్జీకి మాత్రం ఎవరో చెప్పిన మాట విని అయిదేళ్ళు నిండకముందే మొదలుపెట్టింది. మిగతా పిల్లలకి నెలల్లో వచ్చిన చదువు ఆ పిల్లకి ఏళ్ళు పట్టిందని వాపోయింది. మూడేళ్ళు నిండకుండానే పుస్తకాల సంచీ తగిలించి పంపుతున్నామే, ఈ ఒక్క సంగతి మనం కాస్త ఆలోచించుకోవాలి.

బడి వేళ గట్టిగా మాట్లాడడం, ఆడుకోవడం లేదు. కారణం లేకుండా చోటు వదిలి లేవకూడదు. అయితే ఆ ఇంట్లో ఆటలకి లోటు ఉండేదని అనుకోకండి. ఆట వేళ ఆట, పాఠం వేళ పాఠం. లాటినూ గ్రీకూ తండ్రి చెప్పేవాడు. చదవడం, రాయడం, లెక్కలు, నడవడిక అన్నీ తల్లి.

తిండీ నిద్రా కూడా గడియారం ప్రకారమే. రోజుకి మూడు పూటలు తిండి, మధ్యలో చిరుతిండి లేదు. వంటింట్లోకి వెళ్ళి పనివాళ్ళని అది పెట్టు, ఇది పెట్టు అనకూడదు. మరీ చిన్నవాళ్ళకి పెద్దవాళ్ళ బల్ల పక్కనే చిన్న బల్ల, చిన్న కుర్చీలు. అక్కడి నుంచే పెద్దల తీరు చూసి నేర్చుకునేవారు. చాకూ ఫోర్కూ పట్టడం వచ్చాక పెద్ద బల్ల దగ్గరికి రావచ్చు. సాయంత్రం ఆరింటికి ప్రార్థన, ఆ తర్వాత భోజనం. ఏడింటికి పనిమనిషి అందరికంటే చిన్నపిల్లతో మొదలుపెట్టి వరసగా అందరికీ స్నానాలు చేయించేది. ఎనిమిదింటికల్లా పక్కల మీద. నిద్రపోయే దాకా పక్కన కూచుని జోకొట్టే ఆచారం ఆ ఇంట్లో లేదు. ఇందాకట్నుంచీ పనిమనిషి, దాది అంటున్నాను కదా, ఆ మాట దాటవేయకూడదు. అంత లేమిలోనూ పాదిరీ గారింట్లో పనివాళ్ళు ఉండేవారు. వాళ్ళ చేతులు లేకపోతే సుసన్నాకి ఆరు గంటల తీరిక దొరికేది కాదు.

ఇక మనకి మింగుడుపడని సంగతి ఒకటుంది. అదీ చెప్పాలి. బిడ్డకి ఏడాది నిండేసరికి బెత్తం అంటే భయం నేర్పేది. ఏడిస్తే మెల్లిగా ఏడవాలి. ఇంతమంది పిల్లలున్నా ఆ ఇంట్లో పసివాళ్ళ ఏడుపు వినిపించేది కాదని ఆమె కొంచెం గర్వంగానే రాసింది. ముందు పిల్లల మొండితనాన్ని విరిచేయాలి, అప్పుడే చదువూ బుద్ధీ అబ్బుతాయని ఆ కాలంలో నమ్మకం. ఏడాది బిడ్డకి బెత్తం చూపించడాన్ని మనం ఎలా మెచ్చుకుంటాం? మెచ్చుకోనక్కరలేదు. మా అమ్మమ్మ ఒక్క దెబ్బ వేయకుండా, చేటలో బియ్యం ఏరుతూనే మా చేత ఎక్కాలన్నీ అప్పజెప్పించుకునేది. పాతవాళ్ళు చేసిందంతా మంచే అనుకోవడం ఎంత పొరపాటో, బెత్తం ఉంది కదా అని మొత్తం తీసిపారేయడమూ అంతే పొరపాటు.

ఎందుకంటే ఆ బెత్తం పక్కనే ఆమె రాసిపెట్టుకున్న నియమాలు కొన్ని ఉన్నాయి. తప్పు చేసి తనంతట తాను ఒప్పుకున్న పిల్లకి దెబ్బ లేదు. దెబ్బల భయమే పిల్లల చేత అబద్ధాలాడిస్తుందని ఆమె గమనించింది. ఒక తప్పుకి ఒకసారే శిక్ష, దాన్ని మళ్ళీ మళ్ళీ ఎత్తి దెప్పకూడదు. పిల్లవాడు మంచి చేయబోయి సరిగా చేయలేకపోయినా, చేయబోయినందుకు మెచ్చుకోవాలి. ఒకరి వస్తువు, అది గుండుసూది అయినా సరే, అడగకుండా ఇంకొకరు ముట్టుకోకూడదు. ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలి. ఇక ఆఖరి నియమం దగ్గర కాస్త ఆగుదాం. ఆడపిల్లకి బాగా చదవడం వచ్చే దాకా కుట్టుపనికి కూర్చోబెట్టకూడదు. బొత్తిగా చిన్నతనంలో సూది చేతికివ్వడం వల్లనే చాలామంది ఆడవాళ్ళకి, పక్కవాళ్ళు వింటూ కూచునేలా చదవడం చేతకాకుండా పోయిందని ఆమె కారణం కూడా రాసింది. కొడుకులకి పుస్తకం, కూతుళ్ళకి సూదీ దారమూ అనుకునే కాలంలో, ఏడుగురు ఆడపిల్లల తల్లి ఈ మాట రాసింది. ఆ ఇంట్లో హెట్టీ అనే పిల్ల ఎనిమిదేళ్ళకే గ్రీకు బైబిలు చదివేదని చెబుతారు.

ఇల్లు ఇలా ఒక దారిన పడిందనుకునే సమయంలో, 1709 ఫిబ్రవరి 9వ తేదీ రాత్రి ఆ ఇల్లు కాలిపోయింది. సుసన్నా అప్పుడు నిండు గర్భిణి. మంటల్లోంచి నడిచే బయటికి వచ్చింది. అయిదేళ్ళ జాన్ మేడ మీద చిక్కుకుపోతే, ఒకరి భుజాల మీద ఒకరు నిలబడి కిటికీలోంచి లాగారు. మరుక్షణమే కప్పు కూలింది. పిల్లలంతా దక్కారు. పుస్తకాలు, కాగితాలు, బట్టలు, సామాను ఏదీ దక్కలేదు.

కొత్త ఇల్లు లేచే దాకా పిల్లల్ని నలుగురి ఇళ్ళల్లో ఉంచాల్సి వచ్చింది. తిరిగి వచ్చేసరికి, ఏళ్ళ తరబడి తాను నేర్పిందంతా మట్టిలో కలిసినట్టు ఆవిడకి కనిపించింది. ఎవరితో పడితే వాళ్ళతో తిరగడం, మోటు మాటలు, మోటు యాస, ఏవేవో పాటలు. సెలవలకి ఊరెళ్ళి వచ్చిన పిల్లలతో మనకీ ఇది అనుభవమే కదా. ఆవిడ కూలబడి ఏడవలేదు. మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టింది. ఈసారి కొత్త ఏర్పాట్లు చేసింది. బడి మొదలుపెట్టేటప్పుడూ ముగించేటప్పుడూ అందరూ కలిసి కీర్తన పాడాలి. సాయంత్రం అయిదింటికి పెద్ద పిల్ల, మాటలు వచ్చిన వాళ్ళలో అందరికంటే చిన్నదాన్ని తీసుకోవాలి. రెండో పిల్ల ఆ తర్వాతి చిన్నదాన్ని. అలా జంటలు జంటలుగా విడివిడిగా కూర్చుని, పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకి చదివి వినిపించాలి. ఆలోచించి చూడండి, ఎంత తెలివైన ఏర్పాటో. చిన్నవాళ్ళకి పాఠం, పెద్దవాళ్ళకి పునశ్చరణ, అక్కాతమ్ముళ్ళ మధ్య మచ్చిక, తల్లికి కాస్త ఊపిరి. నాలుగూ ఒక్క పనితో వచ్చాయి.

తన పిల్లలకి తగిన పుస్తకాలు లేకపోతే తానే రాసుకుంది. మత సూత్రాల మీద ఆమె రాసిన పెద్ద వివరణ, నిజానికి దూరాన ఉన్న కూతురు సూకీకి రాసిన ఉత్తరం. ఇంకొక పుస్తకం పెద్ద కూతురు ఎమిలీకీ తనకీ మధ్య సంభాషణగా రాసింది. తల్లి అడుగుతుంది, కూతురు చెబుతుంది, మళ్ళీ తల్లి అడుగుతుంది. ఇవన్నీ తన బిడ్డల కోసమే రాసుకుంది.

ఇప్పుడు మన గడప దాకా వచ్చే సంగతి ఒకటి చెబుతాను. 1711-12 చలికాలంలో భర్త లండన్ వెళ్ళి ఉండగా, ఎమిలీ తండ్రి గదిలోంచి ఒక పుస్తకం తెచ్చి తల్లికి చదివి వినిపించింది. అది మన దేశం గురించిన పుస్తకమే. తమిళనాట సముద్రం ఒడ్డున తరంగంబాడి అనే ఊరుంది. డేనిష్ వాళ్ళ రేవు కాబట్టి వాళ్ళు ట్రాంకుబార్ అనేవారు. 1706లో జీగెన్‌బాల్గ్ అనే జర్మన్ యువకుడు తోటివాడితో కలిసి అక్కడికి వచ్చి, వీధిబడిలో చిన్నపిల్లల పక్కన కూర్చుని ఇసకలో తమిళ అక్షరాలు దిద్దుకున్నాడు. ఆ మిషన్‌కే తర్వాత వచ్చిన షుల్జ్ గారు తెలుగు నేర్చుకుని, తెలుగుకి వ్యాకరణం రాశాడు. ఆయన చేసిన తెలుగు అనువాదాలు 1746-47ల్లో జర్మనీలోని హాలే పట్టణంలో అచ్చయ్యాయి. తొలి తెలుగు అచ్చు పుస్తకాల మాట వచ్చినప్పుడు వాటినే చెప్పుకుంటాం.

ఆ తరంగంబాడి మిషనరీలు పడ్డ శ్రమ చదివి సుసన్నా చాలా రోజులు మరేదీ ఆలోచించలేకపోయింది. నేను మగవాణ్ణి కాదు, గురువునీ కాదు, కాని ఇప్పుడు చేస్తున్న దానికంటే ఇంకొంచెం చేయగలను కదా అనుకుంది. మరి ఏం చేసింది? దేశాలు పట్టిపోలేదు. ఇంట్లో పిల్లలున్నారు. రోజూ సాయంత్రం ఒక్కొక్కరితో విడిగా కూర్చుని మాట్లాడడం మొదలుపెట్టింది. సోమవారం మాలీతో, మంగళవారం హెట్టీతో, బుధవారం నాన్సీతో, గురువారం జాన్‌తో, శుక్రవారం పాటీతో, శనివారం ఛార్లెస్‌తో, ఆదివారం ఎమిలీ, సూకీలతో. పాఠం అప్పజెప్పించుకోవడానికి కాదు. నీ మనసులో ఏముంది, దేనికి భయపడుతున్నావు, ఏం తోస్తోంది అని అడగడానికి.

నా మటుకు నాకు ఆ ఇంటి కథంతటిలో గొప్ప సంగతి ఇదేననిపిస్తుంది. పిల్లలు ఎక్కువైన కొద్దీ మనకి గుంపు కనిపిస్తుంది గాని బిడ్డ కనిపించదు. “పిల్లలు తిన్నారా, పిల్లలు చదివారా” అంటాం. ఆమె గుంపులోంచి ఒక్కొక్క బిడ్డని బయటికి తీసి, వారానికి ఒక సాయంత్రం వాళ్ళ పేరు రాసిచ్చింది. ఆ సాయంత్రం విలువ ఎంతో చెప్పనా? ఇరవయ్యేళ్ళ తర్వాత, 1732లో, జాన్ ఆక్స్‌ఫర్డులో చదువు చెప్పే పెద్ద పండితుడయ్యాక కూడా తల్లికి ఉత్తరం రాస్తూ, ఒకప్పుడు నాకిచ్చిన గురువారం సాయంత్రంలో కాస్త సమయం ఇప్పుడు కూడా ఇవ్వమని ప్రాధేయపడ్డాడు.

ఆ చలికాలంలోనే ఇంకొక సంగతి జరిగింది. భర్త ఊళ్ళో లేనందువల్ల ఆదివారం సాయంత్రాలు ఆమె పిల్లల్నీ పనివాళ్ళనీ వంటింట్లో కూర్చోబెట్టి ప్రార్థన చేసి, ఒక ప్రసంగం చదివి వినిపించేది. పనికుర్రాడు తన అమ్మానాన్నలకి చెప్పాడు, వాళ్ళూ వచ్చి కూర్చున్నారు. ఇరుగూ పొరుగూ చేరి ముప్ఫై నలభైమంది అయ్యారు. చూస్తూండగానే రెండు వందలు దాటారు, చోటు చాలక తిరిగి వెళ్ళినవాళ్ళు కూడా ఉన్నారు. చర్చిలో ఉన్న చిన్న పాదిరీకి ఇది కంటగింపై లండన్‌కి ఫిర్యాదు రాశాడు. ఆడది జనానికి చదివి వినిపించడం బాగుండదు, ఇంకెవరి చేతైనా చదివించమని భర్త రాశాడు. తడుముకోకుండా చదవగల మగవాడు ఈ జనంలో దొరకడం లేదని ఆమె జవాబిచ్చింది. అంతటితో ఆగలేదు. మానేయమని సలహా ఇవ్వకండి, నా మనస్సాక్షి ఒప్పుకోదు. మానేయాలంటే ఖచ్చితమైన ఆజ్ఞగా రాయండి, రేపు దేవుడి ముందు ఆ జవాబుదారీ మీది అవుతుంది అన్న అర్థం వచ్చేలా రాసింది. భర్త మాట మీరలేదు, తన మాట వదలలేదు. భర్త ఆజ్ఞ రాయలేదు.

ఇక ఆ చదువులకి ఫలితం ఏమయింది? ఇక్కడే కథ రెండు దారులుగా చీలింది. మగపిల్లలు ముగ్గురూ లండన్‌లో పెద్ద బళ్ళకి వెళ్ళారు, ఆక్స్‌ఫర్డుకి వెళ్ళారు. జాన్ ఒక కొత్త మత ఉద్యమానికి నాయకుడయ్యాడు. ఛార్లెస్ ఆరు వేలకి పైగా కీర్తనలు రాశాడు. ఆడపిల్లలు ఏడుగురూ అదే తల్లి దగ్గర, అదే గదిలో, అవే ఆరు గంటలు చదువుకున్నవాళ్ళు. వాళ్ళకి ఆ గది దాటాక వెళ్ళడానికి బడి లేదు, ఉద్యోగం లేదు, కట్నానికి డబ్బు లేదు.

హెట్టీ మంచి కవయిత్రి. ఒకరిని నమ్మి ఇల్లు విడిచి, మోసపోయి తిరిగి వచ్చింది. 1725లో తండ్రి ఆమెని, ఆమె చదువుకి ఏ విధంగానూ సరిపడని ఒక సీసం పనివాడికిచ్చి పెళ్ళి చేశాడు. తండ్రి ఆమెని చివరిదాకా క్షమించలేదు. తల్లి కూడా ఆమెని ఆదుకోలేకపోయింది. అక్క మాలీ, తమ్ముడు జాన్ మాత్రం ఆమె పక్షాన నిలబడ్డారు. పుట్టిన పసికందులు ఒక్కొక్కరే పోతుంటే భర్త పనిలో సీసం పొగే కారణమని ఆమె నమ్మింది. పోతున్న బిడ్డ మీద రాసిన పద్యం పత్రికలో అచ్చయింది. మంగళవారం సాయంత్రాలు తల్లి పక్కన కూర్చున్న బిడ్డ, నోరు తెరిచి చెప్పుకోవలసిన రోజు వచ్చేసరికి ఆ తల్లి వినలేకపోయింది. ఎంత గొప్ప తల్లి కథలోనైనా ఇలాంటి చోటు ఒకటి ఉంటుంది కాబోలు. దాన్ని దాచి చెబితే కథ మనకి ఉపయోగపడదు.

ఎమిలీ మరొక దారి పట్టింది. తల్లి నేర్పిన చదువునే బతుకుతెరువు చేసుకుని పంతులమ్మగా పనిచేసింది. తర్వాత గెయిన్స్‌బరో అనే ఊళ్ళో సొంతంగా బడి పెట్టింది. 1735లో తండ్రి పోయాక పాదిరీ ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. అప్పులవాళ్ళు శోకంలో ఉన్న సుసన్నాని కూడా బాకీ కోసం పట్టుకున్నారు. ఆ గండం గడిచాక, అరవై ఆరేళ్ళ తల్లి మొదట తలదాచుకున్నది కూతురు ఎమిలీ బళ్ళోనే. ఆడపిల్లకి సూది కంటే ముందు పుస్తకం ఇచ్చిన తల్లికి, ఆ పుస్తకమే నీడ అయింది. సుసన్నా 1742 జులై 23న లండన్‌లో జాన్ దగ్గర కన్ను మూసింది. బతికి ఉన్న అయిదుగురు కూతుళ్ళూ పక్కనే ఉన్నారు.

పిల్లల పెంపకం మీద రాసిన ఉత్తరంలో ఆమె ఒక మాట ఒప్పుకుంది. ఇలా పెంచాలంటే వయసులో ఉన్న ఇరవై ఏళ్ళకి పైగా ధారపోయాలి, లోకాన్ని వదులుకోవాలి, అంత పని చేసేవాళ్ళు ఎందరుంటారని. మనం అంత చేయలేం. చేయనక్కరా లేదు. పంతొమ్మిదిమంది బిడ్డలు, తొమ్మిది చావులు ఏ ఆడదానికీ వద్దు. బెత్తమూ వద్దు. మన పిల్లలకి బళ్ళున్నాయి, మన ఆడపిల్లలకి కాలేజీలున్నాయి. హెట్టీకీ ఎమిలీకీ దొరకనిది అదే. కాబట్టి కూతురి చదువు ఏదో పెళ్ళయ్యే దాకా కాలక్షేపం అని ఎవరైనా అంటే, ఎప్‌వర్త్ ఆడపిల్లల సంగతి చెప్పండి. ఇంట్లో నేర్పించడం ఒక సగమే, దాన్ని వాడుకునే చోటు చూపించడం రెండో సగం.

కాని ఆ వారం పట్టీ ఉంది చూశారూ, అది మాత్రం మనం ఇవాళే తెచ్చుకోవచ్చు. దానికి డబ్బు అక్కరలేదు, పెద్ద చదువు అక్కరలేదు. టీవీ కట్టేసి, ఫోను పక్క గదిలో పెట్టి, ఒక బిడ్డతో ఒక సాయంత్రం. మార్కులు అడగవద్దు. హోంవర్కు అడగవద్దు. చిక్కుళ్ళు ఒలుస్తూ కూర్చున్నా సరే, పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేది వినండి. చెప్పకపోతే మాట్లాడకుండానే కూర్చోండి, రెండో వారానికి తనే చెబుతుంది. మీ ఇంట్లో సోమవారం ఎవరిది, మంగళవారం ఎవరిది అన్నది ఈ రాత్రి భోజనాల దగ్గర తేల్చుకోండి. పిల్లలే పోటీపడి వారాలు పంచుకుంటారు, చూడండి.